కేసులో పడ్డ ఎనుము

నందవరం నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, కాలువకు ఇవతల ఉన్న చిన్న ఊరు అంజినమ్మది. ఆ ఊళ్లో రేషన్ డీలరుతోనో కరెంటు లైన్‌మన్‌తోనో ఎవరికి పేచీ వచ్చినా ముందు ఆమెను పిలుచుకుపోయేవారు. ఆమెకు చదువు లేదు, పదవి లేదు. గట్టి గొంతు ఒకటుంది. బస్సు తమ ఊరి దగ్గర ఆపడం లేదని ఒకసారి చొప్పమోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు నడుమ నిలబడింది. డ్రైవరు హారను కొట్టి కొట్టి, చివరికి దిగివచ్చి, ఎక్కడికి పోవాలమ్మా అని అడిగాడు. తాను ఎక్కడికీ పోవడం లేదని, బస్సు ఆగుతుందో లేదో చూద్దామని వచ్చానని చెప్పి పక్కకు జరిగింది. అప్పటినుంచి బస్సు ఆగుతోంది. భర్త సిద్దప్ప నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి, ఆమె తనకు ఏమీ కానట్టు తుమ్మచెట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు.

వాళ్లకు కొంచెం మెట్టచేను ఉంది. వాన పడిన ఏడు పత్తి, పడని ఏడు అప్పుల మాట. ఇల్లు నిజంగా నడిచేది ఎనుముతోనే. మంచి పాడి గేదె, నిమ్మళమైనది. ఒక మధ్యాహ్నం సిద్దప్ప దాన్ని కాలువలో దించి గట్టున కునుకు తీశాడు. లేచి చూస్తే నీళ్లు ఉన్నాయి, ఎనుము లేదు.

స్టేషన్‌కు పోతే, హెడ్ కానిస్టేబుల్ రంగన్న కాగితం ముట్టుకోలేదు. ఎనుము తప్పిపోయి ఉంటుందని, ఆకలైతే అదే వస్తుందని, రెండు రోజులు చూసి రమ్మని సలహా ఇచ్చాడు. పశువుల ఆకలి గురించి ప్రభుత్వం అతనికి ఏ శిక్షణ ఇచ్చిందో తెలియదు కానీ, ఆ మాట చాలా ధీమాగా చెప్పాడు.

అంజినమ్మ రెండు రోజులు చూడలేదు. దొంగిలించిన పశువు సంతకే పోతుందని ఆమె లెక్క. సిద్దప్పను లాక్కుని ఆదోని సంతకు పోయి, పశువుల నడుమ వరసపెట్టి వెతికింది. మధ్యాహ్నానికి దొరికింది. దాని పలుపు ఈరేష్ చేతిలో ఉంది.

ఈరేష్‌ది మద్దికెర వైపు. సన్నటి మనిషి, మెత్తటి మాట. మినీ లారీ తోలుకుని టమోటాలు, ఉల్లిగడ్డలు, పెండ్లి సామాన్లు చేరవేసేవాడు. అప్పుడప్పుడు ఎవరూ పంపని సరుకు కూడా చేరవేసేవాడు. అంజినమ్మ ఒక చేత్తో పలుపు, ఇంకో చేత్తో అతని అంగీ పట్టుకుంది. సంత జనం మూగారు. ఈరేష్ పారిపోవడానికి చూడలేదు. తప్పయిందని, రెండు దెబ్బలు కొట్టి ఎనుమును తోలుకపొమ్మని బతిమాలాడు. సిద్దప్పకు అది చాలా సబబుగా తోచింది.

“ఎనుము దొరికింది గదా. తోలుకోని పోదాం పా మే” అన్నాడు.

“మనది దొరికింది. ఈయప్పను ఇడిసిపెడితే రేపు ఇంగొగరిది పోతాది. చట్టం ఉండేదెందుకు?” అంది అంజినమ్మ.

సంతలో ఉన్నవాళ్లంతా ఔనన్నారు. కేసు వాళ్లది కాదు కాబట్టి అందరికీ చట్టం మీద గౌరవం పొంగింది. ఎనుమును ఈరేష్ మినీ లారీలోకే ఎక్కించారు. నలుగురు మగవాళ్లు వెనక ఎక్కారు. అంజినమ్మ ముందు సీట్లో కూచుని దారి చెబుతూ ఉంటే, దొంగే బండి తోలుకుంటూ స్టేషన్‌కు వచ్చి లొంగిపోయాడు.

ఇప్పుడు రంగన్న కాగితాలు తీశాడు. ఉత్సాహంగా రాశాడు. రాసింది చదివి వినిపించాడు. అందులో ఆదోని సంత లేదు, అంజినమ్మ లేదు. నమ్మదగిన సమాచారం అందగా పోలీసులు వాహనాలు తనిఖీ చేస్తున్నారట. ఒక వ్యక్తి ఎనుముతో అనుమానాస్పదంగా కనిపించి, పోలీసులను చూసి పారిపోబోయాడట. వారు వెంబడించి పట్టుకుని, మధ్యవర్తుల సమక్షంలో అతను నేరం ఒప్పుకోగా ఎనుమును జప్తు చేశారట. ఆ మధ్యవర్తుల్లో ఒకడు స్టేషన్ ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న సుంకప్ప. ఆ స్టేషన్ పరిధిలో ఏ నేరం బయటపడినా సుంకప్ప అక్కడే ఉండేవాడు. ఇంతమంది నేరస్థులు తన కళ్లముందే దొరికిపోతున్నా అతను ఒక్క టీ కూడా మాడ్చలేదు.

అంజినమ్మ ఊరుకోలేదు. “పట్టింది నేను గదా సారూ?”

“నువ్వు పట్టినట్టు రాస్తే కేసు నిలబడదమ్మా. మేము పట్టినట్టుంటేనే కోర్టు నమ్మేది.”

“నిజం రాస్తే నమ్మరా?”

“నిజానికి ఒక ఫార్మాట్ ఉంటాది” అన్నాడు రంగన్న, విసుగు లేకుండా. అతను చెడ్డవాడు కాదు. ఎన్నో ఏళ్లుగా అందరూ రాస్తున్న తీరులోనే రాశాడు.

ఆమె ఎనుమును విప్పబోతే రంగన్న చెయ్యి అడ్డం పెట్టాడు. అది ఇక ఎనుము కాదు, కేసు సొత్తు. కోర్టు ఆర్డరు లేకుండా కదలడానికి వీల్లేదు. స్టేషన్ ఆవరణలో వేపచెట్టుకు కట్టేశారు. మేత ఎవరు వేయాలో చట్టంలో ఎక్కడా లేదు కాబట్టి ఆ పని ఫిర్యాది మీద పడింది. అంజినమ్మ రోజూ పొద్దున్నే చొప్పకట్టతో, దూడతో ఆటోలో వచ్చి, మేత వేసి, పాలు పిండి పోయేది. పాలు కూడా కేసు సొత్తేనా అన్న సందేహం స్టేషన్‌లో కొంత చర్చకు వచ్చింది. ఆ చర్చ సాగినన్నాళ్లూ సిబ్బంది టీలు చిక్కగా ఉండేవి.

ఎనుమును విడిపించడానికి ఆమె గురుప్రసాద్ అనే వకీలును పెట్టుకుంది. బడిపంతుళ్ల ఇంటి బిడ్డ. ఏది అడిగినా మొదట నిర్వచనం చెప్పేవాడు. ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో కదిలించడమే దొంగతనమని చెప్పాడు. ఎనుము చరాస్తి ఎట్లయిందని ఆమె అడిగింది. చరించేది కాబట్టి అన్నాడు. అయితే ఎనుము తనంతట తానే నడిచి ఈరేష్ బండి ఎక్కిందని అవతలి వకీలు అంటే ఏం చేస్తారని ఆమె అడిగితే, గురుప్రసాద్ అనకుండా ఉంటే బాగుండునన్నాడు.

ఈరేష్ వకీలు చురుకైనవాడు. ఈరేష్‌కు జామీను వచ్చింది, మినీ లారీ విడుదలైంది. ఎనుము ఇంకా వేపచెట్టు కిందే ఉంది. ఆఖరుకు దానికీ ఆర్డరు వచ్చింది. కానీ సొంతదారుకు తిరిగి ఇవ్వడం అది కాదు, తాత్కాలిక సంరక్షణ. ఎనుమును అమ్మనని, కోయనని, రూపం మార్చనని, కోర్టు ఎప్పుడు పిలిచినా తెచ్చి చూపిస్తానని అంజినమ్మ పూచీకత్తు రాసిచ్చింది. కొమ్ము పెరిగితే రూపం మారినట్టా అని అడగబోయింది కానీ, సిద్దప్ప ఆమె కొంగు పట్టుకుని లాగాడు.

తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి వకీళ్ల విధుల బహిష్కరణ, ఒకసారి ప్రభుత్వ వకీలు బదిలీ. సాక్షిగా అంజినమ్మ, ముద్దాయిగా ఈరేష్, ఇద్దరూ ఒకే వరండాలో ఒకే బెంచీ మీద పొద్దంతా కూచునేవారు. మొదట్లో ఆమె అతనికి వీపు పెట్టి కూచునేది. మనిషి ఎంతకాలమని అట్లా కూచోగలడు? ఒక ఎండాకాలంలో ఆమె తెచ్చుకున్న మజ్జిగ సగం అతనికి పోసింది. అతను తాగి, ఎనుము ఎట్లుందక్కా అని అడిగాడు. దాని ఈతలు, దాని వెన్న, దాని గాలికుంటు జబ్బు, అన్నీ అతనికి చెప్పుకుంది. పశువుల సంగతి తెలిసిన మనిషి కాబట్టి, అతనితో మాట్లాడితే సిద్దప్పతో మాట్లాడినదానికంటే బాగుండేది.

కేసు నడుస్తుండగానే దేశంలో చట్టాలే మారిపోయాయి. దొంగతనానికి పాత సెక్షను నంబరు పోయి కొత్త నంబరు వచ్చింది. తమ కేసు గతేమిటని అంజినమ్మ కంగారుపడితే, ఎనుము పాత చట్టం ఉన్నప్పుడే పోయింది కాబట్టి పాత చట్టం ప్రకారమే నడుస్తుందని గురుప్రసాద్ ధైర్యం చెప్పాడు. ఎనుము అదృష్టవంతురాలు.

చివరికి సాక్ష్యం రోజు వచ్చింది. ఎనుమును కోర్టులో హాజరుపరచాలి. దాన్ని తీసుకుపోవడానికి బండి మాట్లాడమని ఆమె సిద్దప్పకు చెప్పింది. అతను ఫోనులో ఎవరినో అడిగితే, వాళ్లు ఇంకెవరికో చెబితే, పొద్దున వాకిట్లోకి వచ్చి ఆగింది ఈరేష్ మినీ లారీ. అతనూ బిత్తరపోయాడు. ఎట్లయినా ఇద్దరూ పోవలసింది అక్కడికే కాబట్టి, ఎనుమును ఎక్కించుకుని కలిసి బయల్దేరారు. తాను దొంగిలించిన సొత్తును ముద్దాయే సాక్ష్యానికి మోసుకొచ్చాడు. ఎక్కించేటప్పుడు దాని కాలికి దెబ్బ తగలకుండా గోనెసంచి కూడా వేశాడు.

ప్రభుత్వ వకీలు ఆమెను పక్కకు పిలిచి ఏం చెప్పాలో చెప్పాడు. పోలీసులు ముద్దాయిని పట్టుకున్నాక తనను స్టేషన్‌కు పిలిపించారని, తాను ఎనుమును గుర్తుపట్టానని, అంతే చెప్పాలి. ఆమె తలాడించింది. తీరా బోనెక్కాక దేవుని మీద ప్రమాణం చేయించారు. అంతా నిజమే చెబుతానని ఆమె చేత అనిపించారు. ఆ మాటను ఆమె నిజంగానే తీసుకుంది. కోర్టు మొత్తంలో దాన్ని అట్లా తీసుకున్నది ఆమె ఒక్కతే.

ముద్దాయిని పోలీసులు ఎక్కడ పట్టుకున్నారని ఈరేష్ వకీలు అడిగాడు.

“పోలీసులు యాడ పట్టినారు సారూ? పట్టింది నేను. ఆదోని సంతలో.”

“అప్పుడు అక్కడ పోలీసులు ఉన్నారా?”

“ఒగరూ లేరు. ఎనుమే ఆకలైతే వస్తాదని స్టేషన్‌లో కూసున్నారు.”

రంగన్న పైకప్పు వైపు చూశాడు. ప్రభుత్వ వకీలు లేచి, ఈ సాక్షి తమకు ప్రతికూలంగా మారిందని ప్రకటించమని కోరాడు. సొంత ఎనుము పోగొట్టుకుని, సొంతంగా వెతికి, సొంతంగా దొంగను పట్టిన మనిషి ఆ నిమిషం నుంచి తన కేసుకే విరోధి అయింది. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. బాగా చెప్పినందుకు ఏదో మెచ్చుకుంటున్నారనుకుంది.

తర్వాత సుంకప్ప వచ్చాడు. అతను తడబడలేదు. పాఠం అప్పగించినట్టు చకచకా చెప్పాడు. తనిఖీ, అనుమానం, పరుగు, వెంబడింపు, ఒప్పుకోలు, సంతకం. జప్తు చేసిన సొత్తు ముద్దాయి దగ్గర ఎక్కడ దొరికిందని అడిగితే, సంచిలో అన్నాడు. కోర్టులో ఎవరో దగ్గారు. ఎనుము సంచిలో ఉందా అని వకీలు మళ్లీ అడిగాడు. సుంకప్ప రంగన్న మొహం చూసి, అది కర్ణాటక మందు ప్యాకెట్ల కేసులో సార్ అన్నాడు.

జడ్జిగారు కొత్తగా వచ్చిన చిన్నవయసు మనిషి. వరండాలోకి వచ్చి ఎనుమును కూడా చూశారు. ఈ ఎనుమే నీదని ఎట్లా చెప్పగలవని ఈరేష్ వకీలు అంజినమ్మను అడిగాడు. ఎనుములన్నీ నల్లగానే ఉంటాయి కదా అన్నాడు. అయితే మీ నల్లకోట్లోళ్లలో మీ పెండ్లాము నిన్ను ఎట్ల గుర్తుపడతాది సారూ అని ఆమె అడిగింది. జడ్జిగారు నవ్వు ఆపుకున్నారు. దాన్ని రికార్డులో రాయలేదు.

తీర్పు వచ్చింది. నేరం నిరూపణ కాలేదు. పోలీసులు చెప్పినదానికీ ఫిర్యాది చెప్పినదానికీ పొంతన లేదు కాబట్టి సంశయలాభం కింద ఈరేష్ నిర్దోషి. అంజినమ్మ దాన్ని ఓర్చుకునేదే. ఆ మనిషికి శిక్ష పడాలన్న కోపం ఆ బెంచీ మీదే ఎప్పుడో కరిగిపోయింది. కానీ తీర్పు చివర ఇంకో వాక్యం ఉంది. దొంగతనం జరగలేదని తేలాక, జప్తయిన సొత్తును ఎవరి దగ్గర జప్తు చేశారో వారికే ఇవ్వాలి. ఎనుమును ఈరేష్‌కు అప్పగించాలి.

గురుప్రసాద్ ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు ఈరేష్ కూడా పక్కనే ఉన్నాడు. వినగానే అతను ఆమె మొహం చూడలేక చెప్పులు వెతుక్కున్నాడు.

వారం తిరక్కుండా రంగన్న నోటీసు తెచ్చాడు. ఇవ్వకపోతే ఏమవుతుందని ఆమె అడిగింది. పూచీకత్తు తప్పినట్టవుతుంది, నమ్మకద్రోహం కేసవుతుంది అని అతను చెప్పాడు. నా ఎనుమును నేను కట్టేసుకుంటే నేను దొంగనా అని ఆమె అడిగిన మాటకు రంగన్న దగ్గర ఫార్మాట్ లేదు. పెద్ద కోర్టుకు అప్పీలు పోవచ్చు కానీ, అక్కడ తేలేసరికి ఎనుము ఉంటుందన్న భరోసా లేదని గురుప్రసాద్ ముందే చెప్పాడు. ఆమె ఎనుమును ఇచ్చేసింది. ఆ రోజు సిద్దప్ప అన్నం తినలేదు. ఏదైనా అంటుందేమోనని ఆమె వైపు చూశాడు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

కానీ ఎనుము అప్పటికి ఈని ఎక్కువ కాలం కాలేదు. చిన్న దూడ అంజినమ్మ కొట్టంలోనే ఉండిపోయింది. దూడ పక్కన లేనిది ఎనుము పాలు చేపదు. రెండో రోజుకే ఈరేష్ ఫోను చేశాడు. దూడను కూడా ఇయ్యమని అడిగాడు.

“కోర్టు కాయితంలో దూడ ఉందా?” అంది ఆమె.

“లేదక్కా.”

“మరి కాయితంలో ఉండేది తోలకపోతివి గదా. చట్టం దాటి నేను ఏమీ ఇయ్యలేనప్పా.”

ఎనుము అక్కడ మేత ముట్టదు, అరుస్తుంది, ఈరేష్ పెండ్లాము దగ్గరికి పోతే తంతుంది. దాన్ని చూసి ఊళ్లోవాళ్లు నవ్వుతున్నారు. అతను ఓర్చి ఓర్చి ఒకనాడు ఎనుమును బండిలో ఎక్కించుకుని అంజినమ్మ వాకిట్లోకి తెచ్చాడు. నీ ఎనుమును నువ్వు కట్టేసుకో అక్కా, నాకొద్దు అన్నాడు. సిద్దప్ప ఆత్రంగా పలుపు అందుకోబోయాడు. ఆమె అతన్ని ఆపింది. కాగితం లేకుండా ఇది నా కొట్టంలో కనిపిస్తే రేపు దొంగతనం కేసు నామీద పడుతుందని, కావాలంటే కోర్టులో రాసిచ్చి పొమ్మని చెప్పింది.

అక్కడ ఇంకో చిక్కు. ఎనుము అంజినమ్మదని ఈరేష్ రాసిస్తే, మరి నీ దగ్గరికి ఎట్లా వచ్చిందని ఎవరైనా అడుగుతారు. నిర్దోషివని కోర్టు తేల్చినాక నువ్వే వచ్చి దొంగనని ఎందుకు రాసిస్తావని అతని వకీలు తిట్టాడు. అంటే, దొంగ తిరిగి ఇద్దామనుకున్నా ఇచ్చే దారి లేదు. ఎనుము లారీలోనే నిలబడి ఉంది. దూడ కొట్టంలో నుంచి అరుస్తోంది.

దారి గురుప్రసాద్ కనిపెట్టాడు. దానపత్రం. ఈరేష్ అనే తాను, తన స్వంత ఎనుమును, అంజినమ్మ మీద గల గౌరవాభిమానాల చేత, ఎవరి ఒత్తిడీ లేకుండా దానంగా ఇస్తున్నానని, ఆమె దాన్ని సంతోషంగా స్వీకరించిందని. స్టాంపు కాగితం మీద చక్కగా టైపు చేయించి చదివి వినిపించాడు. సంతోషంగా అన్న మాట దగ్గర అంజినమ్మ ఆపమంది.

“అది తీసేయి సారూ.”

“అది లేకపోతే దానం చెల్లదమ్మా. పుచ్చుకునేవాళ్ల అంగీకారం ఉండాల.”

“అంగీకారం రాయి. సంతోషం నా ఇంట్లో మాట, దాన్ని స్టాంపు కాయితంలోకి ఎక్కించొద్దు.”

గురుప్రసాద్ ఆ మాట కొట్టేసి, కొట్టేసినచోట ఈరేష్ చేత పొట్టి సంతకం పెట్టించాడు. ఆమె వేలిముద్ర వేసింది. తన ఎనుమును దొంగ దగ్గర దానం పట్టింది. వేలికంటిన సిరాను వకీలు గోడకే తుడిచి బయటికి వచ్చింది. ఊళ్లోవాళ్లు ఎనుము వచ్చిందని పలకరిస్తే వారం దాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ వారంలోనే, రేషన్ డీలరు తూకంలో మోసం చేస్తున్నాడని ఆమెను పిలవడానికి వచ్చిన హనుమంతమ్మను కూడా, వేరే ఎవరినైనా చూసుకోమని పంపించేసింది.

ఈరేష్‌కు ఇంట్లో పోరు మిగిలింది. కోర్టు ఇచ్చిన ఎనుమును ఊరికే దానం చేసి వచ్చినవాడికి పెండ్లాము అన్నం పెట్టడం లేదు. ఏదో ఒకటి చేతిలో పట్టుకుని పోతే తప్ప గడప ఎక్కలేనని అంజినమ్మ దగ్గరికి వచ్చి చెప్పుకున్నాడు. కొట్టంలో పోయినేటి దున్నదూడ ఒకటి ఉంది. పాలకు పనికిరాదు, మేత మాత్రం తింటుంది. దాన్ని తోలకపొమ్మంది. దాని విలువెంతో అతనికీ తెలుసు. అయినా మొహమాటపడుతూ తీసుకున్నాడు. ఈసారి ఎవరూ కాగితం రాయలేదు.

అదే తప్పయింది. దారిలో రంగన్న నిజంగానే బండ్లు తనిఖీ చేస్తున్నాడు. ఈరేష్‌ను గుర్తుపట్టాడు, వెనక, అంజినమ్మ కొట్టంలో తాను చూసిన దూడనూ గుర్తుపట్టాడు. ఇది ఎవరిదని అడిగితే ఈరేష్ నిజం చెప్పాడు. అంజినమ్మ ఇచ్చిందన్నాడు. రంగన్న తన సర్వీసులో ఇంత నమ్మలేని మాట వినలేదు. అతన్ని స్టేషన్‌లో కూచోబెట్టి ఆమెకు కబురు పంపాడు.

అంజినమ్మ ఆటో దిగి లోపలికి పోయేసరికి దూడ వేపచెట్టుకు కట్టేసి ఉంది. ఈరేష్ మూలన కూచుని ఉన్నాడు. రంగన్న ఆమెకు కుర్చీ వేశాడు. బెదిరించి తీసుకున్నాడా, భయపడకుండా చెప్పమ్మా అన్నాడు, ఈసారి కేసు గట్టిగా కడతానని హామీ ఇచ్చాడు. ఈసారి ఎక్కడ పట్టారో కూడా ఉన్నది ఉన్నట్టు రాయొచ్చన్న ఉత్సాహం అతనిలో కనిపించింది.

“నేనే ఇచ్చినా సారూ. ఆయప్పదే” అంది ఆమె.

“అట్లయితే ఒక వాంగ్మూలం రాసియ్యమ్మా. జప్తు రాసేసినా. ఇంగ కోర్టుకు...”

ఆమె మిగతా మాట వినలేదు. బయటికి పోయి పలుపు విప్పింది. దూడను తోలుకొచ్చి మినీ లారీ దగ్గర నిలబెట్టి, రాప్పా ఎక్కించు అని ఈరేష్‌ను పిలిచింది. ఈరేష్ రంగన్న వైపు చూశాడు. రంగన్న చేతిలో పెన్నుతో తలుపు దాకా వచ్చి, గడప దాటకుండా నిలబడ్డాడు. ఆపితే మళ్లీ మొదటినుంచి రాయాలి. ఆమె మళ్లీ బోనెక్కుతుంది. మళ్లీ ప్రమాణం చేయిస్తారు.

దూడ ఎక్కింది. అంజినమ్మ ముందు సీట్లో కూచుంది. తమ ఊరి దాకా దించమని ఈరేష్‌తో చెప్పింది. అతను బండి తిప్పుతుంటే, ఇంటికి పోయినాక పెండ్లాముకు ఏం చెబుతావని అడిగింది. దొంగిలించినానని చెబితేనే బాగుంటాదేమో అక్కా, దానంగా ఇచ్చినారంటే నమ్మదు అన్నాడు. ఆమె చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. ఊళ్లో దిగి, నేరుగా ఇంటికి పోకుండా, రేషన్ సంగతి ఏమైందో కనుక్కోవడానికి హనుమంతమ్మ ఇంటి వైపు నడిచింది.